కుట్టులో పోయిన మాట

స్కౌటు దళానికి అరవై ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి చరిత్ర పుస్తకం వేయాలన్నారు. శుక్రవారం పొద్దున్నే అచ్చు మిషను ఎక్కాలి. ఈ రోజు సోమవారం. నూట పన్నెండు పేజీల్లో నలభై మాత్రమే తయారయ్యాయి. మిగతావి ఇంకా కార్యదర్శి గారి చేతిరాతలోనే ఉన్నాయి. ఆ రాత ఆయనకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ ఒక పట్టాన అర్థం కాదు. మధ్యాహ్నం దాటితే ఆయనక్కూడా అనుమానమే.

ప్రెస్సులో పేజీలు పెట్టే ఆమెను అందరూ పేజీలక్క అంటారు. గాజుబల్ల మీద బ్లేడుతో కోసి అతికించే రోజుల నుంచీ అదే కుర్చీ, అదే కిటికీ. కంప్యూటర్లు వచ్చాక బ్లేడు పోయింది కానీ, వేలి చివర దాని గీత ఇంకా ఉంది. ఆమెలో ఒకటే దోషమని యజమాని అంటుంటాడు. కొట్టే ప్రతి అక్షరం చదువుతుందట. చదవకుండా కొడితే రోజుకు పది పేజీలు ఎక్కువ అవుతాయట. ఆయన మాట ఆమె ఎప్పుడో ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

చరిత్ర బాగానే ఉంది. మొదటి ఏడాది పదకొండు మంది పిల్లలు, ఒక విజిలు. ఆ విజిలు కూడా ఆటల మాస్టారి దగ్గర అరువు తెచ్చింది. నాలుగో ఏడు క్యాంపులో అన్నం మాడి, అందరూ అరటిపళ్లతో రెండు రోజులు గడిపారు. వరదొచ్చిన ఏడాది ఆస్పత్రి మంచాలను తాళ్లతో మేడ మీదికి లాగారు. ఇరవై తొమ్మిదో ఏడు దళంలో అమ్మాయిలు చేరారు, ముప్పయ్యో ఏటికల్లా పోటీల్లో గెలిచేదంతా వాళ్లే. ఆమె కొడుతూ, నవ్వుకుంటూ, పేరాలు సర్దుతూ పోయింది. ఏడో అధ్యాయం దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

'ఎడమ చేతి సంప్రదాయం' అని దాని పేరు. నాలుగు పేజీలు. మన దళం పిల్లలు కుడిచేతి వాటం వాళ్లయినా ముడి మాత్రం ఎడమ చేత్తోనే వేస్తారు. ఇది చూసి జిల్లా అంతా ఆశ్చర్యపోతుంది. స్కౌట్లు ఎడమ చేత్తో కరచాలనం చేస్తారు, ఎందుకంటే గుండె ఉన్న వైపు అదే. ఆ తత్వాన్ని తాడులోకి కూడా తెచ్చిన దార్శనికుడు మన వ్యవస్థాపకుడు డ్రిల్లు మాస్టారు, అని రాశారు.

ఆమె పైకే నవ్వింది. పక్క బల్ల మీద కాగితం కోస్తున్నవాడు తల తిప్పి చూశాడు. తత్వమూ లేదు, గుండెకాయా లేదు. ఆ పిల్లలకు తాళ్లు నేర్పింది పరంజాలు కట్టే మనిషి. ఆయనది పుట్టుకతో ఎడమ చేయి. ఆయన ఆమె నాన్న.

నవ్వు తగ్గాక అధ్యాయం మొత్తం వెతికింది. తర్వాత చేతిరాత కాగితాలతో సహా పుస్తకం మొత్తం వెతికింది. నాన్న ఊసు ఎక్కడా లేదు. దళం ఏడో ఏటి నుంచి పద్దెనిమిదో ఏటి దాకా పదకొండేళ్లు ప్రతి శనివారం పని మానుకుని వెళ్లిన మనిషికి నూట పన్నెండు పేజీల్లో ఒక్క వాక్యం లేదు. అరటిపళ్లకు మాత్రం ఒక పేరా ఉంది.

మూడింటికి కార్యదర్శి గారు ప్రూఫుల కట్ట పట్టుకుని వచ్చారు. అరవై నాలుగేళ్ల మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి కలం తీసి కుడిచేత్తో రెండు తప్పులు దిద్దారు. ఆ తర్వాత కట్టకు పురికొస బిగించి ఎడమ చేత్తో ముడి వేశారు. ఆ చేయి తాడు కింద నుంచి దూరి, బొటనవేలితో నొక్కి, ఒక్క లాగుతో ఆగింది. ఆమె పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న ముడి అది.

"మీరు కుడిచేత్తో రాస్తారు కదా సార్. ముడి ఎడమ చేత్తో వేస్తారేం?"

"అదే కదమ్మా మా ప్రత్యేకత! ఏడో అధ్యాయం కొట్టలేదా ఇంకా? జిల్లా కమిషనర్ గారు ఆ అధ్యాయం చదివి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు."

"కొట్టాను. మరి ఈ ఫొటో?"

ఫొటో దళం పన్నెండో ఏటిది. మధ్యలో కుర్చీలో డ్రిల్లు మాస్టారు, వెనక వెదురు బొంగులతో కట్టిన గోపురం, దాని మీద తలో అంతస్తులో పిల్లలు. కుడివైపు చివర చొక్కా చేతులు మడిచి, భుజాన తాడు చుట్టతో ఒక మనిషి. ఆయన కెమెరా వైపు చూడటం లేదు. పై అంతస్తు ముడి వైపు చూస్తున్నాడు. జుట్టు నల్లగా, దట్టంగా ఉంది. నాన్నకు ఇంత జుట్టు ఉండేదని ఆమెకు తెలీదు.

"ఆ చివరి మనిషిని తీసెయ్యమ్మా. అక్కడికి కోసేస్తే పేజీకి సరిగ్గా సరిపోతుంది."

"ఎవరండీ ఆయన?"

"ఎవరో పనివాడు."

"పనివాడు ముడి వంక అలా చూస్తాడా సార్? నేర్పినవాడే చూస్తాడు."

కార్యదర్శి గారు కాగితం కోసేవాడి వైపు ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నీకు కాబట్టి చెప్తున్నా, బయట అనకు. తాళ్లు నేర్పింది ఆయనే. నాక్కూడా. మంచి పనిమంతుడు. కానీ చేతివాటం మనిషి. అంటే... వస్తువులు కనబడకుండా పోయేవి. డ్రిల్లు మాస్టారు స్వయంగా రిజిస్టర్లో రాసి పెట్టారు. నేను కార్యదర్శి అయిన కొత్తలో చూశా. అది పుస్తకంలో ఎలా వేస్తాం? ఆయన పరువు పోకూడదనే ముప్పై ఏళ్లుగా ఆ ఊసే ఎత్తలేదు. ఒక రకంగా ఆయన్ని కాపాడుకుంటూ వస్తున్నా."

ఆమె కుర్చీలోంచి సగం లేచింది. ఆయన మా నాన్న అని అనబోయి ఆగింది. అంటే ఈయన నాలుక కరుచుకుంటాడు, అయ్యో అంటాడు, నీళ్లు నములుతాడు. ఆ రిజిస్టర్ మాత్రం మళ్లీ బయటికి రాదు.

"ఆ రిజిస్టర్ ఒకసారి తెస్తారా సార్? పాత పేజీ ఒకటి బొమ్మలా వేస్తే పుస్తకానికి నిండుతనం వస్తుంది."

"మంచి ఆలోచన. బుధవారం తెస్తా," అన్నారు ఆయన సంతోషంగా.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి నాన్న బాల్కనీలో బట్టల తీగ బిగిస్తున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి గానీ చేతులు ఇంకా ఎవరి మాటా వినవు. ఇంట్లో వదులుగా ఉన్నదేదైనా సరే, ఆయన కంటపడితే దానికి మూడినట్టే.

"నాన్నా, స్కౌట్ల దగ్గర ఎప్పుడైనా ఏదైనా గొడవైందా?"

"గొడవా? డ్రిల్లు మాస్టారు అప్పుడప్పుడూ సణిగేవాడు. పోటీలో ఎవడో జడ్జి మార్కులు కోశాడంట, మీ పిల్లలు తిరగేసి కడుతున్నారని. నేనేం చెయ్యను? నా చెయ్యి అది. ఎదురుగా నిలబడి చూపిస్తే అద్దంలో చూసినట్టు పిల్లలు తికమక పడేవాళ్లు. అందుకని నా వెనక నిలబడి భుజం మీంచి చూడండ్రా అన్నా. నా చెయ్యి ఎటు పోతే వాళ్ల చెయ్యీ అటే పోయింది."

"సామాన్లవీ పోయేవా అక్కడ?"

"పోయింది నాదే. ముప్పై మూరల తాడు, కొత్తది, గోపురానికి చాలడం లేదని ఇచ్చా. ఈ రోజుకీ తిరిగి రాలా." ఆయన తీగను మీటి చూశాడు. అది ఖంగుమంది. "ఆ పుస్తకం మీ ప్రెస్సులోనే అవుతోందంట కదా. కింద కొట్టువాడు చెప్పాడు."

"అవును."

"నా గురించి ఏమన్నా రాశారా?"

ఆమె చేతిసంచిలో తాళంచెవి కోసం వెతుకుతున్నట్టు తల వంచుకుంది. "ఇంకా ఆ పేజీల దాకా రాలేదు నాన్నా."

"రాసే ఉంటార్లే. ముప్పయ్యో ఏడు సంబరాలకి పిలుస్తారనుకుని చొక్కా ఇస్త్రీ చేయించి కూర్చున్నా. మర్చిపోయుంటారు. అప్పుడు పనుల హడావిడి. పుస్తకం అంటే కూర్చుని రాసేది కదా, గుర్తొస్తుంది."

అబద్ధం ఆడినందుకు ఆమెకు తన మీద కోపం వచ్చింది. ఆడించినవాళ్ల మీద అంతకు నాలుగింతలు వచ్చింది. బుధవారం తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకుంది.

బుధవారం కార్యదర్శి గారు రిజిస్టర్ను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. దళం మొదటి ఇరవై ఏళ్ల నోటు పుస్తకాలన్నీ కలిపి ఒకే అట్టలో కుట్టించిన బొత్తి అది. నాలుగు వేళ్ల మందం. "నేను వచ్చాక చేయించిన మొదటి పని ఇదే. ముప్పయ్యో ఏడు సంబరాల ముందు. లేకపోతే ఎలకలు తినేసేవి," అన్నారు.

పద్నాలుగో ఏటి పేజీ ఆయనే తీసి చూపించారు. అంత సులువుగా తీశారంటే ఆ పేజీ దగ్గరికి చాలాసార్లు వెళ్లి ఉండాలి. డ్రిల్లు మాస్టారి రాత ముత్యాల్లా ఉంది. అనుమానానికి చోటే లేదు.

'తాళ్ల పని చక్కగా వస్తోంది. అయితే నేర్పే మనిషికి' అని ఒక పంక్తి. దాని కింద, 'చేతివాటం. ఆ అలవాటు పిల్లలకు అంటుకుంటోంది. ఇప్పుడే మాన్పించకపోతే' అని ఇంకో పంక్తి. ఆ కింద, 'చెడ్డపేరు.'

ఆమె వేలు పెట్టి చదివింది. ఒక్క క్షణం నమ్మింది. ఆ ఒక్క క్షణానికి ఆమె తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది. రిజిస్టర్ ముందు తండ్రి మాట తేలిపోయిందని, అదీ తనకే అలా అనిపించిందని.

"చూశావా," అన్నారు కార్యదర్శి గారు మెల్లగా. ఆయన ముఖంలో గెలిచానన్న భావం లేదు. నిజంగానే బాధ ఉంది. "నా చేతికి ముడి నేర్పిన మనిషి అమ్మా. ఇది చదివిన రోజు నేను అన్నం తినలేదు."

ఆమె మళ్లీ చదివింది. ఈసారి కూతురిలా కాదు, పేజీలక్కలా. మాస్టారికి వాక్యాలు తెగ్గొట్టే అలవాటు లేదు. 'మాన్పించకపోతే చెడ్డపేరు' ఏమిటి? ఎవరికి చెడ్డపేరు? పై పంక్తులకు వెళ్లింది. 'శనివారం ఉదయం ఆరు' అని ఆగింది, కింద 'అందరూ మైదానంలో చేరారు.' ఆరు ఏమిటి? ఆరు మేకలా? ఎదురు పేజీ చూసింది. కుడి పేజీలో ప్రతి వాక్యం నిండుగా, కాళ్లూ చేతులతో ఉంది. ఎడమ పేజీలో మాత్రం ప్రతి పంక్తి చివర ఏదో ఒకటి లోపించింది.

అట్టను రెండు వైపులా పట్టుకుని వెనక్కి వంచింది. అది కదల్లేదు. మడతల్లోంచి కుట్టాల్సిన నోటు పుస్తకాలను పక్కనుంచి, అంగుళం లోపలికి దబ్బనం దింపి కుట్టేశారు.

"ఎవరు సార్ ఇది కుట్టింది?"

"ఎవరో... గోనెసంచులు కుట్టేవాడు. గట్టిగా ఉంటుందన్నాడు."

"గట్టిగానే ఉంది. ఎడమ పేజీల్లో పంక్తికో మాట మింగేసింది. ఆరు తర్వాత 'గంటలకు' ఉండాలి. లోపల ఉంది అది. కుడి పేజీల్లో కుట్టు వైపు ఉన్నది మార్జినే కాబట్టి మాట పోలేదు. మన కళ్లు లేని మాటను పూడ్చుకుని చదివేస్తాయి కాబట్టి ఎవరికీ తేడా తెలీలేదు. నేను కుట్టు విప్పుతా."

"విప్పుతావా! అమ్మా, ఇది అరవై ఏళ్ల నాటి రికార్డు. చిరిగితే?"

"చిరిగితే అతికిస్తా. అతికించి అన్నం తిన్నదాన్నే నేను."

ఆయన రిజిస్టర్ మీద చేయి వేసి ఉంచారు. ఆమె కత్తెర పట్టుకుని ఆ చేయి వైపే చూస్తూ కూర్చుంది. గోడవతల మిషను రెండు సార్లు ఆగి మళ్లీ మొదలైంది. చివరికి ఆయన చేయి తీశారు.

ఆమె అట్ట వెనక్కి తిప్పి, దారం ముడి దగ్గర కత్తెర మొన పెట్టి తెంపింది. ఒక్కొక్క రంధ్రంలోంచి దారాన్ని సూదితో ఎత్తి లాగింది. తొమ్మిది రంధ్రాలు. పాత దారం బిరుసెక్కి, తెగుతూ తెగుతూ వచ్చింది. పద్నాలుగో ఏటి నోటు పుస్తకం విడిపోయాక, పేజీని బల్ల మీద పరిచి అరచేత్తో మెల్లగా నిమిరింది. ముప్పై ఏళ్లుగా వెలుతురు తగలని అంగుళం కాగితం మిగతా పేజీ కంటే తెల్లగా ఉంది. దాని మీద సిరా నిన్న రాసినట్టుంది.

"చదవండి సార్. పైకే చదవండి."

కార్యదర్శి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "తాళ్ల పని చక్కగా వస్తోంది. అయితే నేర్పే మనిషికి... ఎడమ." ఆగారు. ఆ మాట మీద వేలు పెట్టారు. "ఎడమ చేతివాటం. ఆ అలవాటు పిల్లలకు అంటుకుంటోంది. ఇప్పుడే మాన్పించకపోతే పోటీల్లో చెడ్డపేరు."

అంతే. ఒక్క మాట కుట్టులో పోయి మనిషి దొంగయ్యాడు. పైగా ఎడమ చేతి తత్వం కనిపెట్టాడని నాలుగు పేజీలు ఈయన పొగిడిన డ్రిల్లు మాస్టారు, దాన్నే మాన్పించాలని తన చేత్తో రాసి పెట్టుకున్నాడు.

"మీకు గుర్తు లేదా సార్? ఆయన వెనక నిలబడి చూశారు కదా. ఏ చెయ్యో గుర్తు లేదా?"

"ఉంది," అన్నారు ఆయన. "ఇది చదివాక గుర్తు లేనట్టు ఉండటం అలవాటు చేసుకున్నా. ఎవరో ఎడమ చెయ్యి ఎందుకని అడిగితే ఒక కారణం చెప్పా. బాగుందన్నారు. ఇంకో కారణం కలిపా." కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఆయన ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో..."

"ఉన్నాడు. మా ఇంట్లో ఉన్నాడు. మా నాన్న."

గురువారం సాయంత్రం ఆయన వచ్చారు. ప్రెస్సు నుంచి ఆమెతో కలిసి నడిచి వచ్చారు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నారు. గుమ్మంలోకి వచ్చేసరికి అన్నీ మర్చిపోయారు. నాన్న కుర్చీలోంచి మెడ చాచి చూశాడు.

"ఎవరూ?"

"నేను మాస్టారూ... పన్నెండో ఏటి గోపురం. రెండో అంతస్తు."

నాన్న కళ్లు చికిలించి చూశాడు. ముఖం కాదు, చేతులు చూశాడు. "జారుముడి!" అన్నాడు గట్టిగా. "నువ్వు జారుముడివి కదూ! ఏది కట్టినా జారిపోయేది నీది. ఆఖరికి నీ నిక్కరు తాడు కూడా."

కమిషనర్లు లేచి నిలబడి పలకరించే కార్యదర్శి గారు, చిన్నపిల్లాడిలా తల ఊపారు. ఆమె నవ్వు ఆపుకోవడానికి లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చింది. వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. కుర్చీ చూపించినా కూర్చోలేదట. రిజిస్టర్ సంగతి, కుట్టు సంగతి, ముప్పై ఏళ్ల సంగతి మొత్తం చెప్పారు. దేన్నీ తగ్గించలేదు. ఆమె అడ్డం వెళ్లలేదు. ఈ మాట నాన్న చెవిన పడకూడదని ముందురోజు రాత్రి వరకూ అనుకుంది. పొద్దునకి మనసు మార్చుకుంది. ఆయన పేరు మీద జరిగింది ఆయనకే తెలియకపోవడం ఇంకో దొంగతనం.

నాన్న ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో దాని వేళ్లు ఒక్కొక్కటే నొక్కుకున్నాడు.

"ముప్పై ఏళ్లు నేను దొంగనా నీకు?"

"అవును మాస్టారూ."

"అయినా ఎవరికీ చెప్పలేదు."

"చెప్పలేదు."

"నాక్కూడా చెప్పలేదు కదరా." ఆయన ముందుకు వంగాడు. "ఒక్కసారి వచ్చి, ఏవయ్యా తీశావా అని అడిగితే పోయేది. తిట్టేవాణ్ణి. తిట్టి, తీయలేదని చెప్పేవాణ్ణి. అడగడానికి ఎంతసేపు పట్టేది?"

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది దగ్గుతోంది గానీ కదలడం లేదు. కార్యదర్శి గారు సంచిలోంచి ఏడో అధ్యాయం తీశారు. కమిషనర్ గారు ఫోన్ చేసి మెచ్చుకున్న నాలుగు పేజీలు. వాటి మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీశారు. కలం ఒకచోట కాగితాన్ని చీల్చింది.

"ఈ నాలుగు పేజీలూ మీవి. మీరు చెప్పండి, నేను రాస్తా."

"నేనేం చెప్తాను? నాకు రాతలు రావు."

"వచ్చిందే చెప్పండి."

నాన్న ఆ కాగితాలను పక్కకు నెట్టి, బల్ల కింద నుంచి తాడు చుట్ట లాగి ఆయన ఒళ్లో పడేశాడు. "ముందు కట్టు చూద్దాం."

కార్యదర్శి గారు బల్ల కాలికి తాడు చుట్టి, ఎడమ చేత్తో ముడి వేసి, లాగి చూపించారు. నాన్న కుర్చీలోంచి వంగి, ముడి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అది అర అంగుళం జారింది.

"వదులు. విప్పి మళ్లీ కట్టు."

ఆయన విప్పారు. మళ్లీ కట్టారు. మూడోసారికి నాన్న లేచి, మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి, ఆయనకు వీపు పెట్టి నిలబడ్డాడు. "ఇలా రా. నా భుజం మీంచి చూడు," అన్నాడు. కార్యదర్శి గారు లేచి వెనక నిలబడ్డారు. ఆ రోజు రాత అలాగే సాగింది. ముడికీ ముడికీ మధ్య నాన్న ఒక్కో మాట చెప్పాడు. తాడుతో కార్యదర్శి గారి చేతులు ఖాళీగా లేకపోవడంతో ఆ మాటలన్నీ ఆమే రాసుకుంది.

శుక్రవారం పొద్దున్న ఏడింటికే ఆమె ప్రెస్సులో ఉంది. మిషనువాడు మూడు సార్లు తొంగి చూశాడు. ఫొటో కోయకుండా నిండుగా పెట్టింది. ఆ పేజీ మార్జిను అరంగుళం దాటితే యజమాని గొణిగాడు. ఆమె వినలేదు. ఏడో అధ్యాయం కొత్తగా కొట్టింది. కార్యదర్శి గారు పక్కనే నిలబడి ప్రూఫు చూస్తున్నారు. మొదటి వాక్యం నాన్న చెప్పింది చెప్పినట్టే ఉంది. 'నేను పరంజాలు కట్టేవాణ్ణి, నాది ఎడమ చేతివాటం.'

తెర మీద 'ఎడమ' పంక్తి చివర నిలబడింది. 'చేతివాటం' కింది పంక్తిలోకి దిగింది.

కార్యదర్శి గారు అది చూసి ఊపిరి బిగబట్టారు. ఆయన నోరు తెరిచేలోపే ఆమె ఆ రెండు మాటల మధ్య వేలు పెట్టి, ఖాళీని చెరిపేసి, 'ఎడమచేతివాటం' అని ఒకే మాట చేసింది.